ఇల్లటం నౌకరి

సంగారెడ్డి బస్సులో పటాన్‌చెరు దాటి దిగి, కొంత దూరం నడిస్తే మా ఊరు. ఇప్పుడు అక్కడ ఊరు సగమే ఉంది. మిగతా సగం గోడ.

అరవైల చివరి మాట. ఆ ఊరి నుంచి ఒక రైతు కూతురు క్రైస్తవ విశ్వవిద్యాలయానికి వెళ్లి చరిత్ర, రాజనీతి శాస్త్రం చదివిందంటే ఆ పుణ్యమంతా మిషన్ ఆసుపత్రి నర్సమ్మది. మా చెల్లెలు పుట్టినప్పుడు అమ్మకు కాన్పు చేసినావిడ. "పిల్ల తెలివిగలది, పంపు" అని మా నాయన వెంటపడి, ఫీజు మాఫీ చేయించి, నగరానికి అవతలున్న హాస్టల్లో నన్ను దింపేదాకా ఊరుకోలేదు. మా వాడకట్టు ఆడవాళ్లు మాత్రం నోరు కట్టుకుంటారా? "కిరస్తానంల కలుపుకుంటరు సూడు" అన్నారు. నన్ను ఎవరూ కలుపుకోలేదు. పొద్దున్నే చాపెల్‌లో అందరూ నిలబడి పాటలు పాడుతుంటే మా హిందూ పిల్లలం ఊరికే పెదవులు కదిపేవాళ్లం. అన్నం ముందు కళ్లు మూసుకునే అలవాటు మాత్రం సెలవులకు నాతోపాటు ఇంటికొచ్చేది. "అన్నం సల్లారుతున్నది, గిప్పుడు నిద్ర ఏందే?" అని అమ్మ కసురుకునేది.

చరిత్ర చదువుతుంటే నాకు కోపం వచ్చేది. రాజు వచ్చాడు, రాజు పోయాడు, మధ్యలో శిస్తు. ఆ శిస్తు కట్టిన మా తాతలాంటివాడు ఏ పేజీలోనూ కనపడడు. రాజనీతి అలా కాదు, అందులో నేనున్నాననిపించింది. రాజ్యాంగం పాఠం చెప్పే మేడమ్ ముసలావిడ, ఎప్పుడూ తెల్లచీర, మెడలో చిన్న సిలువ. సర్కారు నౌకరీల్లో ఆడా మగా తేడా చూపకూడదని ఆమె చదివి వినిపించిన రోజు, ఆ వాక్యాన్ని మంత్రంలా వల్లెవేసుకున్నాను. అచ్చులో ఉన్నదంతా జరిగి తీరుతుందనుకునే వయసు.

రెండో ఏడు క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చేసరికి మా చేలో హద్దురాళ్లు పాతి ఉన్నాయి. సర్కారు కర్మాగారం వస్తోందట. బావితో సహా మా భూమంతా దాని గోడ లోపలికి పోతుంది. భూమి పోయిన ఇంటికొక నౌకరి ఇస్తామన్నారు. కొడుకులున్న ఇళ్లలో ఏడుపు కాస్త తగ్గింది. మా ఇంట్లో మేం ఇద్దరం ఆడపిల్లలం. నేను, నా వెనక చెల్లెలు. అది ఐదో తరగతితో బడి మానేసి బర్రెలు చూసుకునేది, అమ్మకు కుడిచెయ్యి.

"ఆ నౌకరి నేను జేస్త నాయనా" అన్నాను.

నాయన నవ్వలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను. ఇంగ్లీషులో దరఖాస్తు రాశాను. మేడమ్ చదివి వినిపించిన రాజ్యాంగం మాట కూడా అందులో ఎక్కించాను. ఇద్దరం బస్సెక్కి సంగారెడ్డి ఆఫీసుకు పోయాం.

ఆఫీసరు అది చదివి, పక్కనున్న గుమాస్తాకు చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

"బాగా రాశావమ్మా. కానీ ఇనుము కరిగించే చోట ఆడపిల్లకేం పని?" అన్నాడు ఆఫీసరు.

"ఆఫీసు పనులు గూడ ఉంటయి గద సార్?" అన్నాను.

"కూతుళ్లకు ఇవ్వరమ్మా" అని, ఇక నాతో పని లేనట్టు నాయన వైపు తిరిగాడు. "కొడుకు లేకపోతే అల్లుణ్ణి తెచ్చుకో పెద్దాయనా. ఇల్లటం అల్లుడు కొడుకు కిందే లెక్క. మీలో ఉన్న ఆచారమేగా!"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నాయనకు మాత్రం దారి దొరికింది. కొడుకు లేని రైతు అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని భూమి అప్పగించడం మాలో తాతల నాటి నుంచి ఉన్నదే. ఇప్పుడు భూమి స్థానంలో నౌకరి, అంతే తేడా. తిరుగు బస్సు రుద్రారం దాటాక ఆయన నా వైపు తిరిగాడు.

"ఇల్లటం దెచ్చుకుంటే సరి, బిడ్డా. భూమి ఎట్లనూ పాయె. నౌకరి గూడ పోతే ఏం దిని బతుకుతం?"

"నౌకరి కోసం నాకు లగ్గం జేస్తవా?"

"జిన్నారం దిక్కు పిలగాడున్నడు. మీ అమ్మ తరపోడే. మంచోడు."

"నేను జేసుకోను. సదువు ఆపను."

"సదవేస్తే ఉన్న మతి పోయిందంటరు, గిదే" అన్నాడు. ఆ గొంతు బాగా అలసిపోయి ఉంది.

సెలవులన్నాళ్లూ ఇంట్లో అదే లొల్లి. అమ్మ ఏడ్చింది, నేను అరిచాను, నాయన చుట్ట వెలిగించుకుని బయటికి పోయాడు. చెల్లెలు గోడవారన కూచుని కందికాయలు ఒలుస్తూ అంతా వింటూ ఉండేది. దాని మాట ఎవరూ అడగలేదు.

హాస్టల్‌కు తిరిగొచ్చాక, క్లాసులో అందరి ముందే మేడమ్‌ను నిలదీశాను. అంత స్పష్టంగా రాసి ఉంటే మాకెందుకు ఇవ్వలేదు?

"రాసి ఉంది. కానీ అడిగేవాళ్లు కావాలి" అంది ఆవిడ.

"అడిగాం మేడమ్."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా పెట్టనివాళ్లను ఏం చేయాలో ఎవరూ చెప్పరు. మేడమ్ కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "రేపు చాపెల్‌లో మీ ఇంటి కోసం ప్రార్థన చేస్తాను" అంది. చేసింది కూడా, మంచి మనిషి. ఆ పొద్దు నేను పెదవులు కూడా కదపలేదు.

ఎండాకాలం పరీక్షలు ఆ చాపెల్‌లోనే బల్లలు వేసి పెట్టారు. సమానావకాశాల హక్కును వివరించమని ప్రశ్న వచ్చింది. ఆఫీసరు నవ్వు గుర్తుకొచ్చి, కలం కాగితానికి చిల్లు పడేట్టు రాశాను. దానికి మంచి మార్కులే వచ్చాయి, ఏం చేసుకోను!

పరీక్షలై ఇంటికొస్తే గుమ్మానికి ఎండిన మామిడాకుల తోరణం వేలాడుతోంది. అరుగు మీద కూచున్న ఎవరో అబ్బాయి నన్ను చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. లోపలి నుంచి చెల్లెలు వచ్చింది. కాళ్లకు మట్టెలు, మెడలో ఇంకా పసుపు వదలని పుస్తెలతాడు.

"ఏందే ఇది?"

"లగ్గమైందక్కా."

"నాకెందుకు జెప్పలే?"

"నీకు పరీచ్ఛలుండె గద. జెప్తే ఇడిసిపెట్టి ఉరికొస్తవని నేనే వద్దన్న."

"నిన్నెవరు జేసుకొమ్మన్నరే?"

"నువ్వొద్దంటివి. ఎవరో ఒకరం జేసుకోవాలె గద. నాకు ఆగిపోయే సదువేముంది?"

అని నవ్వింది కూడా. బావి దగ్గరికి పోయి ఒంటరిగా ఏడుద్దామని బయల్దేరాను. బావి అప్పటికే ముళ్లకంచె అవతల ఉంది.

ఆ జిన్నారం అబ్బాయిని ద్వేషిద్దామని చాలా ప్రయత్నించాను. కుదరలేదు. ఫ్యాక్టరీ నడవడం మొదలయ్యాక నా మరిది పొద్దున్నే సైకిలెక్కి పనికి పోయి, మాపటికి ముఖమంతా మసితో వచ్చేవాడు. నేను ఇంట్లో ఉంటే, "వదినె, పేపర్ల ఏం రాసిండ్రో జెర సదువు" అని ఎదురుగా కూచునేవాడు. జీతం తెచ్చి మా నాయన చేతిలో పెట్టేవాడు, కన్నకొడుకులాగే. చెల్లెలు అతన్ని ఇష్టపడడం నా కళ్లారా చూశాను. సైకిల్ గంట వినపడితే చాలు, కొంగు సర్దుకునేది.

నేను చదువు ముగించి సంగారెడ్డి బడిలో పంతులమ్మగా చేరాక, ఒకరోజు ఫ్యాక్టరీలో క్రేను గొలుసు తెగింది. దాని కింద మా మరిది ఉన్నాడు. తెచ్చినవాళ్లు ముఖం మీది గుడ్డ తీయనివ్వలేదు. చెల్లెలు ఆ గుడ్డ మీదే చెయ్యి వేసి కూచుంది, పాల కోసం తన నెలల పిల్ల ఏడుస్తున్నా లేవలేదు. "నౌకరి అని దెచ్చి సంపితిని" అని నాయన నేల మీద పడి దొర్లాడు.

పదకొండో రోజు అయ్యాక ఫ్యాక్టరీ వాళ్లు వచ్చారు, మర్యాదగానే మాట్లాడారు. పనిలో చనిపోయినవాడి భార్యకు నౌకరి ఇచ్చే పద్ధతి ఉందట. క్యాంటీన్‌లో పని. దరఖాస్తు నేనే రాశాను. ఈసారి రాజ్యాంగంతో అవసరమే పడలేదు, మృతుడి భార్య అన్న మాట చాలింది. ఎవరూ నవ్వలేదు.

మొదటి రోజు దాన్ని గేటు దాకా దింపడానికి నేనూ వెళ్లాను. చంకలో పిల్ల, చేతిలో టిఫిన్ డబ్బా. లోపలికి తొంగి చూసింది.

"బాయి గా షెడ్డు కాడ ఉండె గదక్కా?"

"ఆ, అక్కడనే."

కావలివాడు కాగితం చూసి "అందర్ జావ్" అన్నాడు. అది కదల్లేదు.

"అక్కా, నువ్వు సదువుకున్నదానివి, ఒక్కటి చెప్పు. భూమి పోతే ఆడిపిల్లకు ఇయ్యం అన్నరు. మొగడు పోతే ఇచ్చిండ్రు. గదేదో మొదలే ఇస్తే ఆయన బతికుండేటోడు గద?"

సైరన్ మోగింది. పిల్లను నా చేతికిచ్చి లోపలికి పోయింది.