కొండల్ మూసిన పెట్టెలు

కొండల్ గురించి చెప్పమంటే ఎవరైనా ముందు మంచివాడంటారు. నేను అలా మొదలుపెట్టను. మంచివాడు అనేస్తే నాకు తప్పించుకోవడం సులువు. కొండల్ మొండివాడు. నోట్లో నువ్వుగింజ నానదు. ఎదుటివాడికి తొందరగా ఉన్నప్పుడే ఆయనకు సందేహాలు పుట్టుకొస్తాయి. ఆ నోటిని నేను ఒకసారి మూయించాను, ఇంకోసారి దానికి విలువ లేకుండా చేశాను. కాబట్టి ఆయన సంగతి చెప్పాల్సినవాడిని నేనే.

నా పేరు గోవర్ధన్. ఉండేది అత్తాపూర్‌లో. శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి విదేశాలకు పోయే సరుకుకు కాగితాలు తయారుచేసే ఒక చిన్న ఏజెన్సీలో పదిహేడేళ్లుగా గుమాస్తాను. కొండల్‌ది సాతంరాయి. హైవే పక్కన రేకుల షెడ్డులో మా ఏజెన్సీ కోసం చెక్కపెట్టెలు కొట్టి, వాటిలో సరుకు సర్దుతాడు. వయసులో నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. అయినా నన్నే అన్నా అంటాడు. నా చేతిలో కాగితం ఉంటుంది, ఆయన చేతిలో సుత్తి ఉంటుంది, మా దగ్గర మర్యాద ఎటు పోతుందో దీన్నిబట్టే ఉంటుంది.

ఆయనకున్న రెండెకరాలు ఎయిర్‌పోర్టు కిందికి పోయాయి. ఆ తర్వాత మంఖాల్ దగ్గర ఒక డెయిరీ ఫారంలో పదకొండేళ్లు పనిచేశాడు. పాలు పిండే మిషన్లు నడపడం, చెడిపోతే విప్పి బాగుచేయడం ఆయన పని. మిషన్ గాలిని ఎంత లాగుతుందో చూపించే మీటర్ ఒకటి ఉంటుంది. ఎక్కువ లాగితే బర్రెకు పొదుగు వాస్తుంది, తక్కువైతే పాలు దిగవు. ఆ ముల్లు చూస్తూ పదకొండేళ్లు గడిపిన మనిషి. ఫారం మూతపడ్డాక మా షెడ్డుకు వచ్చాడు. ఇంట్లో ఆయన భార్య అనంతమ్మ ఇప్పటికీ మూడు బర్రెలు పెట్టుకుని చుట్టుపక్కల ఇళ్లకు పాలు పోస్తుంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. సర్దినవాడు సరుకును కళ్లతో చూసి, పెట్టెలో ఏముందో రాసిన కాగితం కింద సంతకం పెట్టాలి. ఏముందో రాసేది మాత్రం ఆయన కాదు, నేను. నేనూ చూసి రాయను. పంపేవాడి బిల్లులో ఏ మాట ఉంటే ఆ మాట దించుతాను. చూసినవాడు రాయడు, రాసినవాడు చూడడు. ఇన్నేళ్లూ కొంప మునగలేదు కాబట్టి ఇదే సరైన పద్ధతి అనుకున్నాం.

పోయిన ఏడాది మిరుగు కార్తె దాటిన వారానికి ఒక సరుకు వచ్చింది. బిల్లులో పాలు పిండే మిషన్ల విడిభాగాలని ఉంది. సముద్రం అవతల ఒక రేవుపట్నంలో ఉన్న వ్యాపారికి పంపాలి. సాయంత్రం ఆరింటిలోగా కార్గోలో అప్పజెప్పకపోతే విమానం తప్పిపోతుంది. నాలుగున్నరకు కొండల్ ఫోన్ చేసి షెడ్డుకు రమ్మన్నాడు. పోయేసరికి ఒక వెండిరంగు కవరు విప్పి, లోపలి మీటర్‌ను అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, ఇవి పాల మిషన్‌వి కావు. నేను పదకొండేండ్లు గదే పని జేసిన. ఇంత నాజూకు మీటర్ పెడితే బర్రె గూడ నవ్వుతది. జర పంపినోళ్లకు ఫోన్ జేసి అడుగు."

నాకు నవ్వు రావాల్సింది, ఒళ్లు మండింది. అలా అడిగితే పంపినవాడు ఇంకో ఏజెన్సీకి పోతాడని మా యజమాని ఎప్పుడూ అంటుంటాడు. విమానం నీ బర్రె కోసం ఆగదు, మూసి సంతకం పెట్టు అన్నాను. ఇంకా చాలా అన్నాను. పేడ ఎత్తే చేతికి విదేశీ మిషన్ల సంగతేం తెలుసని కూడా అన్నాను, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. కొండల్ కవరు మళ్లీ అతికించాడు. పెట్టె మూసి, మేకులు కొట్టి, తెలుగులో పూర్తి పేరుతో సంతకం పెట్టాడు. ఆరుకు పది నిమిషాల ముందు సరుకు లోపలికి పోయింది.

రెండు నెలల తర్వాత అవే వెండి కవర్లు వచ్చాయి. పంపే కంపెనీ పేరు వేరు, చేరే ఊరు వేరు, బిల్లులో మాట మాత్రం అదే. ఈసారి కొండల్ ఏమీ అనలేదు, నా మొహంలోకి చూశాడంతే. నేను ఫోన్ వచ్చినట్టు నటించి బయటికి పోయాను. దసరా తర్వాత మూడోసారి, ఇంకో కంపెనీ పేరుతో, ఇంకో ఊరికని వచ్చాయి. అప్పటికి ఇద్దరికీ అలవాటైపోయింది.

ఆ మూడో సరుకును దారిలో ఒక దేశపు అధికారులు ఆపి విప్పారు. ఇక్కడ మమ్మల్ని పిలిపించారు. విచారించిన అధికారి అరుణ్‌కుమార్ గుంటూరు వైపు మనిషి, గొంతు పెంచకుండా అండీ అంటూ మాట్లాడతాడు. ఆ మీటర్లు యురేనియంను బాంబుకు పనికొచ్చేలా శుద్ధిచేసే యంత్రాల్లో వాడతారని, ఆ దేశానికి వాటిని ఎవరూ అమ్మకూడదని, అందుకే పాల మిషన్ పేరుతో ఊళ్లు తిప్పి చేరవేస్తున్నారని నిదానంగా చెప్పాడు. దేశం పేరు కూడా చెప్పాడు. పొరుగువాళ్లను మ్యాప్ మీద లేకుండా చేస్తామని టీవీల్లో బెదిరించే దేశమది. ఆ బెదిరింపులు నేను అన్నం తింటూ విన్నవాడినే. పెద్దవాళ్ల గొడవలు, మనకెందుకు అని చానల్ మార్చిన వాడినే.

తర్వాత అడిగాడు, సర్దిన మనిషి అనుమానం ఉందని మీకు చెప్పాడా అని. కొండల్ బయట బెంచీ మీద ఉన్నాడు. అప్పటికే తన మాట చెప్పేసి వచ్చాడు, గోవర్ధనన్నకు చెప్పిన అని. కారులో వస్తుంటే యజమాని నాకు ఒకటే చెప్పాడు, నీకేమీ తెలియదను అని. అవునంటే తెలిసి పంపినవాడినవుతాను. ఉద్యోగం పోతుంది, జైలూ పడొచ్చు.

"లేదు సార్. ఏం చెప్పలే" అన్నాను.

ఇంతకుముందు ఇలాంటి సరుకు ఏమైనా పోయిందా అని అడిగాడు. ఇదే మొదటిసారి అన్నాను. అర నిమిషంలో రెండు అబద్ధాలు. పదిహేడేళ్లలో ఏ పనీ అంత త్వరగా చేయలేదు నేను.

కొండల్ ఎయిర్‌పోర్టు పాస్ లాక్కున్నారు. షెడ్డులోకి రావద్దని యజమాని చెప్పాడు. రెండుసార్లు స్టేషన్‌కు పిలిచారు. ఊళ్లో పోరగాళ్లు ఆయనకు బాంబు కొండల్ అని పేరు పెట్టారు. కొన్ని ఇళ్లవాళ్లు అనంతమ్మ దగ్గర పాలు తీసుకోవడం మానేశారు, పాలల్లో ఏం కలుస్తుందో ఆ తెలివిగలవాళ్లకే తెలియాలి. ఇదంతా నాకు రోజూ తెలుస్తూనే ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆఫీసులో ఎవరు సాతంరాయి అన్నా తలెత్తి చూసేవాడిని. మళ్లీ కాగితాల్లో తల దూర్చేవాడిని. దొంగకు తేలు కుట్టినట్టే గడిపాను.

ఆ అబద్ధాలు చెప్పిన నలభయ్యో రోజు పొద్దున బండి తీసి సాతంరాయి పోయాను. అనంతమ్మ పాలబకెట్ చేతిలో పట్టుకునే తిట్టడం మొదలుపెట్టింది. నా వంశం మొత్తాన్ని పేరుపేరునా పలకరించింది. అది వింటుంటే నాకు కొంచెం హాయిగా అనిపించింది, నా సిగ్గులేనితనం చూడండి. తిట్లు అయ్యాక కొండల్‌తో చెప్పాను, నువ్వు ముందే హెచ్చరించావని రాసిస్తాను, నీ పాస్ నీకు వచ్చేలా చూస్తాను అని.

"నా పాస్ సంగతి ఇడిసిపెట్టన్నా. ముందు రెండుసార్లు పోయిన పెట్టెల సంగతి చెప్పినవా?"

లేదన్నాను.

"నేను చెప్పిన. రెండుసార్లు చెప్పిన. గోవర్ధన్ ఇదే మొదటిదన్నడు, నువ్వు తప్పించుకోనీకి కతలు పడుతున్నవ్ అన్నరు. కంపెనీ పేరు వేరే, ఊరు వేరే, కాగితాలల్ల ఆళ్లకు ఎట్ల దొరుకుతది? లోపల చూసింది మనమిద్దరమే. నన్ను నువ్వు అబద్ధాలోణ్ని జేసినవ్. ఇగ నేను నిజం చెప్తే ఎవలు వింటరు?"

అంతవరకూ నా పాపమంతా ఒక మనిషి ఉద్యోగం అనుకున్నాను. దానికి సరిపడా పశ్చాత్తాపం పడి, దానికి సరిపడా కాగితం రాసిద్దామని వచ్చాను. ఆ పెట్టెలు ఎక్కడున్నాయో, ఎవరి నెత్తిన పడబోతున్నాయో ఆలోచించింది ఈ పదో తరగతి తప్పిన మనిషి. వకీలును ఒకసారి అడిగి రేపు పోదామన్నాను. కొండల్ చొక్కా వేసుకుని వచ్చి నా బండి వెనక కూర్చున్నాడు.

"పా" అన్నాడు.

అరుణ్‌కుమార్ ముందు మొత్తం చెప్పాను. ఈసారి ఆయన అరుస్తాడనుకున్నాను, అరవలేదు, రాసుకుంటూ పోయాడు. ఎన్ని మీటర్లు అని అడిగితే నాకు తెలియలేదు. మొదటిసారి అరవై, రెండోసారి ఎనభై నాలుగు, ఫోమ్‌లో ఒక్కోదానికి గుంత కోసింది నేనే అని కొండల్ చెప్పాడు. నన్ను పంపించేస్తారా, ఉంచేస్తారా అని నేను తలుపు వైపు చూస్తూ ఉన్నాను. ఆరోజుకు పంపించారు.

మూడో రోజు మళ్లీ పిలిచారు. కొండల్ పాస్ ఆయనకు ఇచ్చేశారు. నా మీద కేసు రాసినట్టు నాకు చెప్పారు, అది న్యాయమే. ఆ తర్వాత అరుణ్‌కుమార్ ఇంకో సంగతి చెప్పాడు. మొదటి అరవై ఎప్పుడో చేరాల్సిన చోటికి చేరిపోయాయి. రెండోసారి పోయిన ఎనభై నాలుగు మాత్రం మొన్నమొన్నటిదాకా ఆ రెండో ఊళ్లోని గోదాములోనే ఉన్నాయట, మూడో సరుకు కూడా వస్తే కలిపి పంపాలని. మూడోది పట్టుబడినా తమ గోదాము జోలికి ఎవరూ రాకపోయేసరికి వాళ్లు నింపాదిగా ఉన్నారట. మేం వచ్చి చెప్పడానికి తొమ్మిది రోజుల ముందు ఖాళీచేసి వెళ్లిపోయారని అక్కడి కాపలావాడు చెప్పాడట.

"మీరు మొదటి రోజే చెప్పి ఉంటే దొరికేవండీ" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఇద్దరం మెట్లు దిగాం. సగంలో కొండల్ ఆగాడు. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"ముప్పై ఒక్క దినం ఆడనే ఉన్నయన్నా అవి. ఆ ముప్పై ఒక్క దినం నువ్వు ఏం జేసినవ్?"

తిట్టడం కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఏం చేశానో నాకు బాగా గుర్తుంది. రోజూ పొద్దున ఆఫీసుకు పోయాను, సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.