రాజమల్లన్న వేసిన యాక్సిల్‌లో తప్పు లేదు

నిన్న పొద్దున ఇడ్లీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ మోగింది. రాజమల్లన్న మనవరాలు.

"తాతా, మా తాత పోయిండు" అంది.

ఎప్పుడమ్మా, ఎట్లా అని అడగకుండానే ఫోన్ పెట్టేశాను.

ఎనభై ఏడేళ్ళ మనిషి. ఊహించని వార్తేమీ కాదు. అయినా ఇడ్లీ అట్లాగే వదిలేసి లేచాను. అది ఎందుకో మన ఇంటి గ్రూప్‌లో ఎవరికీ తెలియదు.

వేళ్ళు వణుకుతాయి కాబట్టి ఫోన్‌కు చెప్పి టైప్ చేయిస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

మన ఇంట్లో ఆయన్ని ఏమంటామో మీకందరికీ తెలుసు. "పెద్దబాపును పొట్టన పెట్టుకున్న మెకానిక్." పుట్టినప్పటి నుంచి మీరు విన్నది అదే.

అరవై ఏళ్ళ కిందటి మాట. ఖానాపూర్‌లో మీ పెద్దబాపు, మా అన్న పోచయ్యకూ నాకూ కలిపి ఒక లారీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన బండి. వెనక చక్రాలతో పాటు ముందు చక్రాల్ని కూడా ఇంజన్ తిప్పుతుంది. అన్న డ్రైవింగ్, నేను లోడింగ్. అడవి నుంచి దుంగలు ఎక్కించి మందమర్రి బొగ్గు బావులకు తోలేవాళ్ళం. లోపల పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగలు అవి.

బండికి ఒకటే రోగం. నల్లరేగడి బురదలో ముందు చక్రాలు గుంజితే చాలు, యాక్సిల్ చివర ఉండే జాయింట్ ఫట్‌మని విరిగేది. వానాకాలమంతా అదే గోల.

రాజమల్లన్న మా అన్నకు ప్రాణస్నేహితుడు. మంచిర్యాలలో చిన్న షెడ్డు.

"థూ, గిదేం జాయింట్‌రా? పిల్లలు ఆడుకునే బండిది తీస్కచ్చి పెట్టిండ్రా?" అంటూ కింద దూరాడు.

పన్నెండు రోజులు పట్టింది. ఇంకా పెద్ద మిలిటరీ బండి తుక్కులో లావు జాయింట్లు వెతికి తెచ్చాడు. లేత్ మీద అరగదీసి మా యాక్సిల్‌కు కూర్చాడు. బురద లోపలికి పోకుండా కొత్త సీళ్ళు వేశాడు. ముందు కమాన్లకు, అంటే బండి బరువు మోసే స్ప్రింగులకు, ఒక పట్టీ ఎక్కువ కట్టాడు. చివరికి బండిని దిమ్మెల మీదికి లేపి, నాలుగు చక్రాలూ గాల్లో తిరుగుతుంటే, స్క్రూడ్రైవర్ మొన యాక్సిల్ గొట్టానికి, పిడి చెవికి ఆనించి పావుగంట విన్నాడు. డాక్టర్ కూడా అంత సేపు వినడు.

"ఇగ గిది నీకంటే గట్టిగుంటది పోచిగా" అన్నాడు లేచి.

తర్వాత నా వైపు తిరిగాడు.

"తమ్మీ, ఇగ బురదకు ఫికర్ లేదు. నీళ్ళ జోరుకు మాత్రం ఏ జాయింటూ ఆగది. వాగు కాడ కట్టె పెట్టి కొలుసుడు బంద్ చెయ్యకుండ్రి."

వాగు దాటే ముందు ఒక మనిషి దిగి కట్టెతో లోతు చూడాలి. మోకాలు దాటితే బండి ఒడ్డునే ఆగాలి. అడవి లారీల వాళ్ళందరి పద్ధతి అది. మా బండిలో ఆ దిగే మనిషిని నేను.

కొత్త జాయింట్లు పడ్డాక నెల రోజులు బండి ఎక్కడా ఆగలేదు. మాకు పొగరెక్కింది. మాకు కాదు, నాకు.

ఆ మధ్యాహ్నం వాన. వాగు ఎర్రగా పారుతోంది. అన్న బండి ఆపి, దిగి కొలవమన్నాడు.

నాకు బద్ధకం.

"ఇంక కొలుసుడేందన్నా? ముందల చక్రాలు గుంజుతయి, పోనియ్" అన్నాను.

అన్న పోనిచ్చాడు.

నడిమధ్యలో బండి పక్కకు జరిగింది. నేను తలుపు తీసి దూకేశాను. ఎట్లాగో ఒడ్డున పడ్డాను. అన్న స్టీరింగ్ వదల్లేదు.

మూడో రోజు నీళ్ళు తగ్గాక బండి కనిపించింది, అన్న కనిపించాడు. రాజమల్లన్న వచ్చి బండి కిందికి పాకి ఒక్కో జాయింటూ చేత్తో తడిమి చూశాడు. ఒక్కటీ విరగలేదు. అక్కడే ఇసుకలో కూలబడి తల బాదుకున్నాడు.

"గిది ఇరిగిపోతె పోచిగాడు ఒడ్డుకాడనే ఆగుతుండె" అని ఏడ్చాడు.

అవ్వ ఉంది, బాపు ఉన్నాడు, ఊరంతా ఉంది. నేను అందరి ముందు అన్నాను.

"నువ్వు చేసిన పనికే మా అన్న పోయిండు."

ఆయన తలెత్తి నన్ను చూశాడు. కట్టె పెట్టినవా తమ్మీ అని ఒక్క మాట అడగొచ్చు. అడగలేదు.

అడిగి ఉంటే ఆ రోజు అవ్వకు రెండో కొడుకు కూడా లేకుండా పోయేవాడు. అందుకే అడగలేదని నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది.

ఆయన మళ్ళీ లారీ ముట్టలేదు. షెడ్డు మూసి ధర్మపురి వెళ్ళి, పొలాల మోటార్లు బాగుచేసుకుంటూ బతికాడు. అవ్వ పోయినప్పుడు వచ్చి రోడ్డు మీదే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

పోయిన నెల గుండె దిటవు చేసుకుని ధర్మపురి వెళ్ళాను. అంతా చెప్పేద్దామని.

నన్ను గుర్తుపట్టాడు. చెయ్యి పట్టుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే అడిగాడు.

"పోచిగాడు రాలేదా? బండి మంచిగ నడుస్తుందా తమ్మీ?"

అరవై ఏళ్ళూ ఆయన తలలోంచి తుడిచిపెట్టుకుపోయాయి.

"నడుస్తుందన్నా" అన్నాను.

ఎంత సంతోషపడ్డాడో. ఇంకేం చెప్పను? లేచి వచ్చేశాను.

ఇప్పుడు మీకు చెప్తున్నా. దీనితో ఏదీ మారదని తెలుసు. వినాల్సిన మనిషి లేడు. నన్ను తిట్టండి, గ్రూప్‌లోంచి తీసేయండి, మీ ఇష్టం. మీ పిల్లలకు మాత్రం ఆ పాత మాట నేర్పకండి. అది నేను అల్లిన అబద్ధం.

పోయిరా రాజమల్లన్నా. నీకు శాంతి దొరకాలి. నాకు మాత్రం అది అడగను.