నీళ్లొద్దు

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయన లైసెన్సు మీద మాత్రమే బతికి ఉంది. మిగిలిన లోకానికి ఆయన నీళ్లొద్దు. విందుల్లో నీళ్లు పోసేవాడు ఆయన దగ్గరికి రాగానే జగ్గు వెనక్కి లాక్కుని, "మీకొద్దు కదండీ" అంటాడు. ఆయన నవ్వి గ్లాసు ముందుకు జరుపుతాడు. ఈ మాట ఆయనకు అంటుకుని ఏడేళ్లయింది.

అప్పటికి ఇరవై రెండేళ్లుగా లారీ నడుపుతున్నాడు. ఇంట్లో మంచం మీద నిద్ర పట్టేది కాదు. సీటు వెనక బల్ల మీద ఒరిగితే చాలు, కళ్లు వాటంతటవే మూతపడేవి. "నన్ను కాదు, ఆ స్టీరింగుని కట్టుకోవాల్సింది నువ్వు" అని భార్య దెప్పేది. ఆ మధ్యాహ్నం స్టీరింగే ఆయన్ని కట్టేసుకుంది.

వెనక కార్బైడ్ డ్రమ్ములున్నాయి. కార్బైడ్ అంటే బూడిదరంగు రాళ్లు. పొడిగా ఉన్నంతసేపూ నిద్రపోతున్న పిల్లిలా ఉంటాయి. తడి సోకిందా, మండే గ్యాసు కక్కుతాయి. పక్క సీట్లో రెండో డ్రైవరు ఆయన బావే, అక్క మొగుడు. ఎదురుగా వచ్చిన బస్సుకు దారిస్తుంటే రోడ్డు అంచు మట్టి జారింది. లారీ నెమ్మదిగా, ముసలావిడ కూలబడ్డట్టు, పక్క కాలువలోకి ఒరిగింది.

తాళం తిప్పి ఇంజను ఆపడం గుర్తుంది. బావ కిటికీలోంచి పైకి పాకి, వెనక బ్యాటరీ స్విచ్ కట్టేసిన చప్పుడు కూడా గుర్తుంది. తర్వాత కాసేపు ఏమీ లేదు. తెలివి వచ్చేసరికి ఎడమ కాలు డాష్‌బోర్డు కింద ఉంది, ఛాతీకి స్టీరింగు ఆనుకుని ఉంది, నోటి నిండా దుమ్ము.

"నీళ్లు" అన్నాడు.

దాహం వేసి అన్నాడు. కానీ ఆ మాట పగిలిన అద్దంలోంచి బయటికి పోయి, రోడ్డు మీద ఇంకో మాటైపోయింది. వెనక కాస్త దూరంలో టీకొట్టుంది. "డ్రైవరు నీళ్లడుగుతున్నాడు, బండికి నిప్పంటుకున్నట్టుంది" అని ఎవరో కేక పెట్టారు. బకెట్లు లేచాయి.

అప్పుడు వాసన తగిలింది, వెల్లుల్లి వాసన. చుట్టుపక్కల వంటిల్లు లేదు. ఎక్కడో డ్రమ్ము మూత ఊడి రాళ్లు కాలువ తడిలో పడ్డాయని ఆ వాసన చెప్పింది. చెవి పెడితే సుయ్‌మని సన్నని చప్పుడు.

"బావా, నీళ్లొద్దు" అని అరిచాడు. ఛాతీ మీది బరువుకు అరుపు సగమే వచ్చింది. "నీళ్లొద్దు. పొయ్యి ఆర్పించు. బీడీలు ఆర్పించు."

బావ రోడ్డుకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. బకెట్లతో వచ్చినవాళ్లు తిట్టారు.

"సాటి మనిషి చస్తుంటే ఆపుతావేంటయ్యా?"

"వాడు నా బామ్మర్ది. చావనిస్తానా? ఆ నీళ్లు పోస్తే మనందరం కలిసి పోతాం. అమ్మా, ముందు స్టవ్ కట్టెయ్. కట్టేసి గాలికి అడ్డంగా పొలాల్లోకి నడువు, ఈ పక్కకి రాకు."

టీకొట్టామె స్టవ్ కట్టేసింది. జనం గొణుక్కుంటూ దూరంగా కదిలారు.

కిటికీ బయటి సైడు అద్దానికి భార్య కట్టిన పసుపు గుడ్డ పీలిక వేలాడుతోంది. అది వెనక్కి ఎగురుతున్నంతసేపూ గ్యాసు ఆయనకు దూరంగా పోతున్నట్టే. ఉన్న లోకమంతా ఆ జానెడు గుడ్డలోకి వచ్చి కూర్చుంది. దాన్నే చూస్తూ ఊపిరి పీల్చాడు.

కాళ్ల దగ్గర పడిన ఫోను మోగింది. రెండు గంటలైంది, భార్య "తిన్నావా" అని అడిగే వేళ. ఆ చిన్న వెలుగులో కూడా ఆయనకు నిప్పే కనబడింది. చెయ్యి అందదు. ఆగిపోవే తల్లీ, అనుకున్నాడు. ఆగింది. మళ్లీ మోగింది.

బావ దూరంగా వెళ్లి ఫైరాఫీసుకి ఫోను చేసి, కిటికీ పక్కకి తిరిగొచ్చాడు.

"బండి మీద రాసిన సరుకు నంబరు చదివి చెప్పా. ఒకటి నాలుగు సున్నా రెండు. వస్తున్నారు."

"నువ్వెందుకొచ్చావ్? పో అవతలికి. నీకేమన్నా అయితే అక్కకి నేను జవాబు చెప్పలేను."

"నిన్నొదిలేసి వెళ్తే మీ అక్క నాకు కూడు పెడుతుందా? అటు పులి, ఇటు గొయ్యి."

"బావా, గుడ్డ ఆగిపోయింది చూడు."

పీలిక నిలువుగా వేలాడింది. తర్వాత మెల్లగా, ఇష్టం లేనట్టు, ఆయన వైపు తిరిగింది. వెల్లుల్లి క్యాబిన్‌లోకొచ్చింది.

"పో బావా. నవ్వులాటకి కాదు."

బావ ముఖంలో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. కిటికీ అంచు మీంచి వేళ్లు ఒక్కొక్కటే తీశాడు. వెళ్లాడు. ఆ అడుగుల చప్పుడు తగ్గుతుంటే లారీ అంత పెద్ద ఒంటరితనం వచ్చి ఆయన పక్క సీట్లో కూర్చుంది. పైన మబ్బు పడుతోంది.

ఫైరింజన్ వచ్చింది. కడుపు నిండా నీళ్లున్న బండి, చుక్క వదలకుండా దూరంగా ఆగింది. ఆఫీసరు గ్యాసు కొలిచే పెట్టె ముందుకు చాచి, మళ్లీ గాలి మళ్లేదాకా తన మనుషుల్ని కదలనివ్వలేదు. ఆ ఆగడం ఆయనకు జన్మంత పొడుగైంది. గుడ్డ వెనక్కి ఎగిరింది. అప్పుడొచ్చారు. కొందరు డ్రమ్ముల మీద టార్పాలిన్ పరిచారు, కొందరు కాలువ నీటికి పొడి ఇసుకతో కట్ట వేశారు. ఎవరో ఇనుప గునపం ఎత్తితే ఆఫీసరు ఆపాడు.

"రవ్వ లేస్తుంది. ఇత్తడిది తీసుకో. డ్రైవరుగారూ, కాలు కదులుతుందా?"

"వేళ్లు నా మాట వింటున్నాయి సార్. మోకాలే వినట్లేదు."

చేత్తో కొట్టే జాకీతో డాష్‌బోర్డుని అంగుళం అంగుళంగా లేపారు. మోకాలు కదిలినప్పుడు ఆయన పళ్లు బిగించి గుడ్డనే చూశాడు. బెల్టు వేసి కిటికీలోంచి లాగుతుంటే మెడ మీద మొదటి చినుకు పడింది. స్ట్రెచరు మీద కూడా, "టార్పాలిన్ సరిగ్గా కప్పారా?" అని అడుగుతూనే ఉన్నాడు.

దూరంగా, మిట్ట మీద దించారు. టీకొట్టామె గ్లాసు నిండా నీళ్లు తెచ్చింది. అంబులెన్సులో వచ్చిన నర్సు ముందే హెచ్చరించింది, నాలిక తడపడానికే, గుటక వేయొద్దని. బావ గ్లాసు అందుకుని పెదాల దగ్గర పెట్టాడు.

"ఇప్పుడన్నా కావాలా, నీళ్లొద్దూ?"

పేరు పడింది అక్కడే. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన మాత్రం గ్లాసు మీంచి రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"గాలి ఎటుంది బావా?"