సుద్దముక్క సంతకం

మా బాపు బొగ్గుబావిలో సర్దార్. షిఫ్టువాళ్ల కంటే ముందు తను దిగి, గ్యాసు తగిలితే మంట కదిలి పొడుగయ్యే సేఫ్టీ లాంపు పట్టుకుని పనిచోటంతా తిరిగి, గ్యాసు ఉందో లేదో చూడడం ఆయన పని. లేదని తేలితే అక్కడి గోడ మీద సుద్దముక్కతో తారీఖు వేసి, పక్కన తన పేరులోని మొదటి అక్షరం రాసేవాడు. ఆ రాత కనబడకపోతే ఎవరూ అడుగు ముందుకు వేయరు.

ఇంట్లో మాత్రం ఆయన కాలుగాలిన పిల్లి. సెలవురోజున కూడా ఒకచోట కూర్చోలేడు. చలికాలంలో సైతం కంపెనీ క్వార్టరు కిటికీలన్నీ తెరిచేవాడు, నన్ను కన్న అవ్వ మూసేది, ఆయన మళ్లీ తెరిచేవాడు. నాకు ఒళ్లు మండేది. పెద్దయ్యాక ఇంకెలాగైనా ఉంటాను కానీ ఈయనలా మాత్రం ఉండనని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఒట్టు తీసి గట్టున పెట్టింది మా లోడరు బండే. కరీంనగర్ శివార్లలో, గ్రానైట్ లారీలు పోయే రోడ్డు పక్కన నేను ఇంజనీరుగా పనిచేసే షెడ్డు. పై రాష్ట్రంలోని ఓ రాగిగని కోసం అక్కడ ఖనిజం ఎత్తే బండి తయారు చేస్తున్నాం. లోతైన గనిలో డీజిల్ బండి తిరిగితే మనుషులు ఆ పొగలోనే పనిచేయాలి. మా బండికి పొగ లేదు. సిలిండర్లలోని హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్‌లో గాలితో కలిసి కరెంటు ఇస్తుంది, వెనక గొట్టంలోంచి ఉత్త నీళ్లు కారతాయి. వచ్చినవాళ్లందరికీ ఆ నీళ్లు దోసిట్లో పట్టి చూపించేదాన్ని.

గనివాళ్లు శుక్రవారం వస్తామన్నారు. ఆ రోజు బండి నచ్చకపోతే డీజిల్ బండ్లే కొనుక్కుంటామని కూడా చెప్పారు. సోమవారం నుంచి నాకు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచానో తెలిసేది కాదు. సగం తాగిన చాయ్ గ్లాసులు షెడ్డంతా నావే. చూస్తే అన్నీ సవ్యంగానే ఉన్నాయి. హైడ్రోజన్ కారితే పసిగట్టే సెన్సర్ వారం నుంచి సున్నా తప్ప ఇంకో అంకె చూపలేదు. ఆ సున్నా చూసి మా సారు మిఠాయి కూడా తెప్పించాడు.

బుధవారం బాపు కంటి డాక్టరుకు చూపించుకోవడానికి మంచిర్యాల నుంచి బస్సులో వచ్చాడు. రిటైరై ఏళ్లయినా ఆయన చొక్కా జేబులో సుద్దముక్క ఉంటుంది. ఉతికేముందు అవ్వ తీసి పక్కన పెట్టి, ఆరాక మళ్లీ జేబులో వేస్తుంది. డాక్టరు దగ్గర్నుంచి ఆయన్ను నేరుగా షెడ్డుకు తీసుకొచ్చాను. మెచ్చుకుంటాడనే, దాచడం దేనికి.

బాపు బండి చుట్టూ ఓసారి తిరిగాడు.

"గీ సిలిండర్లల్ల ఏముంది?"

"హైడ్రోజన్, బాపు."

"గ్యాసే గద. బతుకంత గ్యాసుకు భయపడి లాంపు పట్టుకొని తిరిగిన. నువ్వు గా గ్యాసునే బండికెక్కించి లోపలికి తోలుతున్నవా, బిడ్డా?"

"భయమేం లేదు. సూడు, వారం సంది సున్ననే."

"జర గూడ కదల్లేదా?"

"కదల్లే."

"మరి నీకు ఫికర్ అయితలేదా? నేనైతే కదలని లాంపును ఎన్నడు నమ్మలే."

సెన్సర్ ఎక్కడుందని అడిగాడు. సిలిండర్ల పైన, బండిని చల్లబరుస్తూ తిరుగుతున్న ఫ్యాను పక్కన చూపించాను. అక్కడ అరచేయి పెట్టి కాసేపు ఉంచాడు.

"గీడ గాలి కొడ్తుంది. గాలి తిరిగే కాడ గ్యాసు నిలుస్తదా? తిరగని మూలకు వొయ్యి నక్కుతది."

డ్రైవరు సీటు మీద, రాళ్లు పడితే ఆపడానికి ఉక్కు కప్పు ఉంటుంది. బాపు చేయి దాని అడుగున తడుముకుంటూ వెళ్లి, రెండు కమ్మీలు కలిసే మూలలో ఆగింది. సరిగ్గా డ్రైవరు తలకు పైన. "గిక్కడ సూసిన్రా?" అన్నాడు.

చూడలేదు. సర్దార్ బిడ్డనై ఉండి, లాంపులాంటి సెన్సర్‌ను తీసుకెళ్లి గాలికి ఎదురుగా పెట్టాను. సిగ్గేసింది. సిగ్గు నాకు ఎప్పుడూ కోపంగానే బయటికి వస్తుంది. "పోదాం పా బాపు, బస్సు యాల్లయింది" అని కసిరాను. ఆయన చేయి జేబు దాకా పోయింది, కానీ సుద్దముక్క బయటికి రాలేదు. బస్సెక్కించి వచ్చేదాకా నాకు ఆ చేయే కళ్లముందు ఆడింది.

తిరిగి వచ్చేసరికి అందరూ భోజనాలకు వెళ్లారు. బండి స్టార్ట్ చేసి, చేతిలో పట్టుకునే డిటెక్టర్ తీసుకుని, బాపు లాంపు ఎత్తినట్టే మెల్లగా ఆ మూలకు ఎత్తాను. అది కీచుమని అరిచింది. ఎక్కడో ఒక జాయింటు సన్నగా కారుతోంది. ఆ కాస్త గ్యాసునీ ఫ్యాను గాలి సెన్సర్‌కు అందకుండా కప్పు కిందికి తోస్తోంది.

తేలుకుట్టిన దొంగలా చుట్టూ చూశాను. ఎవరూ లేరు. నిజం చెప్పాలంటే, ఆ జాయింటు బిగించేసి నోరు మూసుకుందామనిపించింది. శుక్రవారం గడిచిపోతుంది. కానీ రేపు ఇంకో జాయింటు వదులైతే, మా సెన్సర్ మళ్లీ సున్నానే చూపిస్తుంది. ఆ మూల కింద ఒక మనిషి తల ఉంటుంది.

వెళ్లి మా సారుకు చెప్పాను.

"శుక్రవారం పెట్టుకొని గిప్పుడా చెప్పేది?" అని అరిచాడు. తర్వాత డిటెక్టర్ తీసుకుని తనే ఎత్తి చూశాడు. శుక్రవారం బండి చూపించలేమని గనివాళ్లకు ఫోన్ చేశాడు. వాళ్లు అన్నంత పనీ చేశారు, డీజిల్ బండ్లే కొనుక్కున్నారు.

మేం కారే జాయింటు బిగించి, గ్యాసు నిలవకుండా పైకి పోయేలా కప్పుకు కంతలు కోశాం. ఫ్యాను దిశ మార్చాం, సెన్సర్‌ను ఆ మూలకే చేర్చాం. వానలు వెళ్లి చలి మొదలయ్యాక గనివాళ్లే మళ్లీ ఫోన్ చేశారు. పొగతో వేగలేకపోతున్నాం, ఒకసారి వచ్చి చూస్తామన్నారు.

ఆ రోజుకు బాపును పిలిపించాను. ఆయన కళ్లముందే సెన్సర్ దగ్గర కొంచెం గ్యాసు వదిలాను. అంకె పైకి లేచింది, కాసేపటికి మళ్లీ సున్నాకు దిగింది. "గిప్పుడు నమ్ముత" అన్నాడు. జేబులోంచి సుద్దముక్క తీశాడు. ఎక్కడ రాస్తే బాగుంటుందో చూపించబోయాను. ఆయన దాన్ని నా చేతిలో పెట్టాడు.

"లాంపు పట్టినోళ్లే రాయాలె. పట్టింది నువ్వు."

బండి పక్కన తారీఖు వేశాను, నా అక్షరం రాశాను. గీత వంకర పోయింది. గని నుంచి వచ్చిన డ్రైవరు తెర మీద అంకె వైపు చూడనే లేదు. నా రాత దగ్గర ఆగి, చూసి, టోపీ సర్దుకుని ఆ కప్పు కింద కూర్చున్నాడు.

మా సారు నాకోసం కుర్చీ వేయించాడు. బండి ఆగేదాకా బాపూ నేనూ షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాం.