కాటా బాలస్వామి తప్పు తూకం

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బాలస్వామి కాటా వేశాక ఆ బస్తాను మళ్ళీ తూచమన్న మనిషి లేడు. కర్నూలు నుంచి సరుకు తెచ్చిన రైతూ అడగడు, కొనుక్కుపోయే వ్యాపారీ అడగడు. ముప్పై రెండేళ్ళుగా అదే వరస. గోనె బరువు ఇంత, తడి తరుగు ఇంత అని ఆయన నోటితో అంటే గుమాస్తా రాసుకుంటాడు. ఈ మర్యాద ఆయన తలకెక్కలేదంటే అబద్ధమవుతుంది. బాగానే ఎక్కింది. ఇంట్లో చేపల పులుసులో ఉప్పు ఎక్కువైనా ఎన్ని గ్రాములు ఎక్కువైందో చెప్పేవాడు. "అయితే ఆ కాటా ఏదో ఇంటికి తెచ్చుకుని వంట కూడా మీరే కానివ్వండి" అనేది భార్య దానమ్మ.

రెండేళ్ళ కిందట మనవరాలు క్యాథరిన్‌కి మూడేళ్ళు నిండాయి. పెద్దయ్యాక పిల్లను నర్సింగు చదివించాలని బాలస్వామి పట్టుదల. పిల్లకి మాత్రం అప్పట్లో ఐస్‌క్రీమ్ బండి నడపాలని ఉండేది, అది వేరే సంగతి. ఆ చదువుకి డబ్బు కూడబెట్టాలని చర్చిలో పాటలు పాడించే నెల్సన్‌ని పిలిపించాడు. నెల్సన్ ఆదివారం కీబోర్డు వాయిస్తాడు, మిగతా ఆరు రోజులూ ఇన్సూరెన్సులూ మ్యూచువల్ ఫండ్లూ కట్టిస్తాడు. పిల్ల పేరు మీద ఫండు ఖాతా, గార్డియన్‌గా పిల్ల తల్లి పెర్సిస్ సంతకం, నెలకి వెయ్యి చొప్పున పదిహేనేళ్ళు. డబ్బు మాత్రం తాతయ్యది. ఒకటో తారీఖున కూతురి చేతిలో పెడతాడు.

"అన్నీ బానే ఉన్నాయి గానీ నెల్సన్ బాబూ, ఇందులో మీ తరుగెంత?" అని అడిగాడు బాలస్వామి. తూకం మనిషికి ముందు తోచే ప్రశ్న అదే కదా.

"ఫండు వాళ్ళ ఖర్చులూ, నా కమీషనూ అన్నీ కలిపి వందకి రూపాయి డెబ్బై పైసలండీ. మీరు చేత్తో ఇవ్వక్కర్లేదండీ, అందులోంచే పోతుంది."

బాలస్వామి పకపకా నవ్వాడు. మార్కెట్లో కమీషను కొట్టు వాళ్ళు అంతకు రెట్టింపు పైనే తీస్తారు. రూపాయి డెబ్బై పైసలంటే ఏముంది, బస్తా విప్పితే రాలే పొట్టు! నెల్సన్‌కి ఇంకో టీ పోయించి, మర్నాడే మార్కెట్లో చాటింపు వేశాడు. ఆయన మాట మీద పదకొండు మంది హమాలీలు తమ పిల్లల పేర్న అయిదు వందలు, వెయ్యి చొప్పున మొదలుపెట్టారు. వాళ్ళలో ఒక్కడు కూడా కాగితం చదవలేదు. బాలస్వామి తూచాక ఇంకా చదివేదేముంది?

మొన్న వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం పెర్సిస్ పెంటపాడు నుంచి పుట్టింటికి వచ్చింది. అక్కడ స్కూల్లో లెక్కల టీచరు. ఫోన్లో ఖాతా లెక్క తెరిచి, వేసింది ఇరవై నాలుగు వేలు, అయింది ఇరవై ఆరు వేల చిల్లర అని చదివింది. బాలస్వామి మీసం దువ్వుకున్నాడు. ఉల్లిపాయలు తరుగుతున్న దానమ్మ తలెత్తకుండానే అడిగింది:

"ఈ యేడు కౌలు తీశాకేనా ఆ లెక్క?"

దానమ్మ పుట్టిల్లు కొల్లేటి లంకల్లో. వాళ్ళ నాన్న చేపల చెరువు కౌలుకి చేసేవాడు. చేప పెరిగినా పెరగకపోయినా ఏడాది తిరిగేసరికి చెరువు ఆసామి గుమ్మంలో ఉండేవాడు. మార్కెట్లో పెరిగిన బాలస్వామికి ఆ బాధ తెలియదు. అక్కడ సరుకు వస్తుంది, తూగుతుంది, ఒక్కసారి తరుగు పోతుంది, లారీ కదులుతుంది.

"కౌలేంటే నీ మొహం! మొదట్లో ఓసారి తీసుకున్నాడుగా నెల్సన్. ఇంకేం తీస్తాడు?" అన్నాడాయన.

పెర్సిస్ ఫోను మీద వేలితో కిందికి జరిపి చూసింది. "లేదు నాన్నా. ఏటా అని ఉందిక్కడ."

"ఏటా అంటే, ఆ ఏడు కొత్తగా వేసిన పన్నెండు వేల మీద."

"కాదు నాన్నా. అప్పటిదాకా పోగైన మొత్తం మీద. రోజుకింత చొప్పున తీసేసి, మిగిలినదాన్ని బట్టే మన వాటా ధర, యూనిట్ ధర అంటారే, అది చెబుతారు. అందుకే మనకి ఎక్కడా కనపడదు."

బాలస్వామి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. అంటే పదో ఏట కూడా, పదిహేనో ఏట కూడా, మొదటి నెల వేసిన వెయ్యి రూపాయల్లోంచి కూడా తరుగు తీస్తూనే ఉంటారు. తూచేసిన బస్తాను ఏడాదికోసారి విప్పి మళ్ళీ తూస్తారా ఎవరైనా? ఆయన నమ్మలేదు. కూతుర్ని లెక్క వెయ్యమన్నాడు. పెర్సిస్ వేసింది. ఇదే ఫండులో ఏజెంటు లేకుండా నేరుగా కట్టే పద్ధతి ఒకటుంది. దానికి ఖర్చు వందకి డెబ్బై పైసలే. అటు ఏటా పదకొండు శాతం మిగిలితే ఇటు పది మిగులుతుంది. అంత పెరుగుతుందని ఎవరూ రాసివ్వరు గానీ, పెరిగితే మాత్రం పదిహేనేళ్ళకి ఇక్కడ నాలుగు లక్షల పద్దెనిమిది వేలు, అక్కడ నాలుగు లక్షల యాభై తొమ్మిది వేలు.

"నలభై ఒక్క వేలు!" అన్నాడు బాలస్వామి. "ఇది కమీషన్ కాదే, అద్దె!"

"మరి అద్దిల్లని తెలుసుకోకుండా పదకొండు కుటుంబాల్ని అందులో దింపారన్నమాట," అంది దానమ్మ, తరిగిన ముక్కలు గిన్నెలో వేస్తూ.

బాలస్వామి మనసులోనే రెండు వైపులా తూచి చూసుకున్నాడు. మనవరాలి డబ్బు సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. ఆ పదకొండు మందికి ఏమని చెప్పాలి? నా తూకం తప్పిందని చెబితే రేపటి నుంచి కాటా దగ్గర ప్రతివాడూ మెడ సాచి ముల్లు చూస్తాడు. చెప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. రోజూ కొంచెం కొంచెం పోయేది పదిహేనేళ్ళ తరవాత ఎవడికి కనపడుతుంది? ఆ రోజు పులుసులో నిజంగానే ఉప్పు ఎక్కువైంది, ఆయన పల్లెత్తు మాటనలేదు. దానమ్మకి భయమేసింది.

మర్నాడు ఆరాధన అయ్యాక నెల్సన్‌ని చర్చి వెనక పట్టుకున్నాడు. కోపం బాగానే కూడగట్టుకుని వెళ్ళాడు గానీ నెల్సన్ దానికి చోటివ్వలేదు.

"ఏటా అని మీరు అడగలేదండీ, నేనూ విడమర్చి చెప్పలేదండీ. కాగితంలో ఉంది కదా అనుకున్నాను. చెప్పాల్సిందండీ, నాదే తప్పు," అన్నాడు. నేరుగా కట్టే పద్ధతి ఎలాగో కూడా తనే చెప్పాడు. పాతది కదిపితే అమ్మినట్టే లెక్క, పన్నేమైనా పడుతుందేమో చూసుకుని కదపాలట. ముందు కొత్త నెలల డబ్బు అటు కట్టుకుంటే మంచిదట.

"ఇవన్నీ చెప్పేస్తే నీకేం మిగులుతుందయ్యా?"

"మీ ఖాతా మీద నాకొచ్చేది ఈ యేడు రెండొందల యాభై ఉంటుందండీ. మీ ఇంట్లో తాగిన టీలకి సరిపోయింది లెండి."

ఇలాంటి మనిషి మీద ఎలా కోప్పడతాం? బాలస్వామి కూడగట్టుకున్న కోపమంతా తన మీదే మిగిలిపోయింది.

సోమవారం లారీలు ఖాళీ అయ్యాక, హమాలీలు క్యారేజీలు విప్పే వేళకి షెడ్డులోకి వెళ్ళి నిలబడ్డాడు. ఓసారి దగ్గి, చెప్పేశాడు. వందకి రూపాయి డెబ్బై పైసలు ఒక్కసారి కాదు, ఏటా అని. మొత్తం మీద అని. నెలకి వెయ్యి కట్టేవాడికి పదిహేనేళ్ళలో నలభై ఒక్క వేలు తేడా అని. తనకి తెలియకపోయినా తెలిసినట్టు చెప్పానని. వేరే దారి ఉందని, అదెలాగో పెర్సిస్ ఆదివారం వచ్చి చూపిస్తుందని.

అందరికంటే ముందు యేసుదాసు నోరు విప్పాడు. ఇద్దరాడపిల్లల తండ్రి.

"నేను నెల్సన్ గారి దగ్గరే ఉంటానండీ. ఒకటో తారీఖున ఆయన ఫోన్ చేసి గుర్తు చెయ్యకపోతే ఆ అయిదొందలు సాయంత్రానికి నా దగ్గరుండవు. నా సంగతి నాకు తెలుసు కదండీ. అద్దైతే అద్దే, తెలిసి కడతాను."

షెడ్డంతా నవ్వింది. ముగ్గురు నలుగురు మారతామన్నారు, ఇద్దరు ఆలోచించుకుంటామన్నారు. ఎవరూ బాలస్వామిని ఒక్క మాట అనలేదు. తిట్లకి సిద్ధపడి వచ్చిన మనిషి ఏం చెయ్యాలో తోచక వెనక్కి తిరిగాడు.

"బాలస్వామి గారండీ," అని మళ్ళీ పిలిచాడు యేసుదాసు, మొహమాటపడుతూ. "మీరేమీ అనుకోనంటే... ఆ నలభై ఒక్క వేల లెక్క మా పెద్దమ్మాయి చేత ఓసారి వేయించి చూసుకుంటానండీ."

ముప్పై రెండేళ్ళలో ఆయన ముఖం మీద ఎవరూ అనని మాట. నిజానికి బాలస్వామికి చాలా బాధేసింది. అయినా జేబులోంచి పెర్సిస్ రాసిచ్చిన కాగితం తీసి యేసుదాసు చేతిలో పెట్టాడు.

"వేయించు. తేడా వస్తే నాకు చెప్పు," అన్నాడు.