చెలమ తేరేదాకా

మా మేనత్త పోయింది. మొన్న గురువారం పొద్దున పెనుగంచిప్రోలు నుంచి బావ ఫోన్ చేసి, "అమ్మ లేవలేదే" అన్నాడు. నాకు వెంటనే అర్థం కాలేదు. ఇంటిల్లిపాదికంటే ముందు లేచే మనిషి లేవకపోవడమేంటని, ఒంట్లో బాలేదా అని అడిగాను. నిద్రలోనే అయిపోయిందట. నందిగామలో బస్సెక్కి కూర్చున్నాక, ఆ నిద్రలో ఆమెకు ఏ కల వచ్చి ఉంటుందా అన్న ఆలోచన తప్ప ఇంకొకటి రాలేదు.

అత్తయ్య గురించి ముందు చెప్పాల్సింది ఆ కలల సంగతే. పొద్దున్నే ఎవరు లేచొచ్చినా కాఫీ గ్లాసు చేతికివ్వకుండా, "కలేమొచ్చింది?" అని అడిగేది. ఏమీ రాలేదంటే ఒప్పుకునేది కాదు. "వచ్చే ఉంటుంది, ఆలోచించు" అని గ్లాసు తన దగ్గరే పెట్టుకునేది. మావయ్య బతికున్నన్నాళ్ళూ కాఫీ కోసం కలలు కల్పించి చెప్పేవాడు. ఒకసారి ఎద్దు మీదెక్కి తిరుపతి వెళ్ళొచ్చానని చెబితే, దారిలో ఎద్దుకేం మేత పెట్టారని నిలదీసింది. పాపం, ఆయన అంతదూరం ఆలోచించుకోలేదు.

తొంభైల్లో నేను ఇంటర్ రెండో ఏడు తప్పాను. జగ్గయ్యపేటలో మా నాన్నకు బట్టల కొట్టు. ఫలితాల పేపర్లో నా ముందు నంబరు ఉంది, నా తర్వాతదీ ఉంది, మధ్యలో నాది లేదు. నాన్న పక్కకొట్టు నుంచి భూతద్దం తెప్పించి మరీ వెతికాడు. భూతద్దంలోంచి చూస్తే లేని నంబరు వస్తుందా? మెమో చేతికొచ్చాక తేలింది, తప్పింది లెక్కల్లో అని. ఇక చదువుకు దణ్ణం పెట్టేసి కొట్లో కూర్చోమన్నాడు నాన్న. నాకు చదువు రాదని నాకూ నమ్మకం కుదిరిపోయింది. కానీ చదువు మీద ఇష్టం చావలేదు, అదీ నా ఏడుపు.

ఆ వారంలోనే అత్తయ్య ఊడిపడింది. ఆవకాయ పెట్టాలి, కాయలు తుడవడానికి మనిషి కావాలని చెప్పి నన్ను ఆటో ఎక్కించింది. వాళ్ళింటికి వచ్చిన ప్రతివాళ్ళూ పరీక్షేమైందని అడిగేవాళ్ళు. నేను తల వంచుకుని "లెక్కలు పోయాయండి" అనేదాన్ని. రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు అత్తయ్య కసిరింది.

"పోవడానికి అవేమన్నా ముక్కుపుడకా? ఉండిపోయినయ్ అను. పోయినవి దొరకవు. ఉండిపోయినవి సెప్టెంబర్లో రాసుకోవచ్చు."

పొద్దున్నే కలల విచారణ మాత్రం తప్పేది కాదు. నాకొచ్చేది ఒక్కటే కల. పరీక్ష హాల్లో రాస్తూనే ఉంటాను, కాగితం మీద అక్షరం పడదు. అది వినగానే అత్తయ్య మారుమాట్లాడకుండా గ్లాసు చేతికిచ్చేసేది.

సాయంత్రాలు మున్నేటికి వెళ్ళేవాళ్ళం. ఎండాకాలం కదా, ఏరంతా ఇసకే. ఆ ఇసకలో గుంట తవ్వితే నీళ్ళూరతాయి, అదే చెలమ. ఆ నీళ్ళతో అయితేనే కందిపప్పు మెత్తగా ఉడుకుతుందని అత్తయ్య వాదన. ఒకరోజు నన్ను తవ్వమంది. తవ్వాను. మట్టినీళ్ళు ఊరాయి. తోడి పారబోశాను, మళ్ళీ మట్టే వచ్చింది. విసుగొచ్చి ఆగకుండా తోడుతూనే ఉన్నాను.

"ఎందుకే అట్టా కెలుకుతావ్? చెయ్యి తియ్యి. తేరుకోనియ్."

చెయ్యి తీశాను. ఇసక వేడి చల్లారుతోంది. గేదెలు అవతలి గట్టెక్కి వెళ్ళిపోయాయి. ఎంతసేపు కూర్చున్నామో తెలీదు, నాకు మగతగా కూడా ఉంది. మళ్ళీ చూసేసరికి చెలమ అడుగున ఇసక రేణువులు కనిపిస్తున్నాయి, వాటి మీద కాస్త ఆకాశం. ఇద్దరం బిందెలు నింపుకుని ఇంటికొచ్చాం.

ఆదివారం నాన్న వచ్చాడు. ఏం చేస్తావో ఇవాళ తేల్చి చెప్పమని నన్ను ఎదురుగా నిలబెట్టాడు. అత్తయ్య కారం చేతులతోనే వంటింట్లోంచి వచ్చింది.

"పిల్లని కెలక్కు తమ్ముడూ. తేరుకోనియ్. తేరుకున్నాక అదే చెప్పుద్ది."

నాన్న మా అందరి మీదా అరుస్తాడు గానీ అక్క ముందు పిల్లి. మామిడిపండు తిని పేట బస్సెక్కాడు.

తర్వాత కొన్నాళ్ళకు వేరే కల వచ్చింది. మున్నేటి ఇసకలో నడుచుకుంటూ పోతున్నాను, కృష్ణలో కలిసేదాకా. కాళ్ళకింద చల్లగా ఉంది. పక్కనెవరో ఉన్నారు, మొహం తెలీదు. వాళ్ళకు ఒడ్డునున్న ఊళ్ళ పేర్లన్నీ చెబుతున్నాను. అత్తయ్య మొత్తం విని, కల్లో లెక్కలొచ్చాయా అని అడిగింది. రాలేదన్నాను.

"అయితే లెక్కలు పాసయ్యి వదిలెయ్. పాసవకుండా వదిలేస్తే అవి నిన్ను వదలవు."

ఆ రోజే నాన్నకు కబురు చేశాను, సెప్టెంబరు రాస్తానని, పాసైతే నందిగామలో బి.ఏ.లో చేరతానని. అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. తర్వాత మళ్ళీ లెక్కల జోలికి పోతే ఒట్టు. ఇప్పుడు అదే నందిగామలో పిల్లలకు సోషల్ చెబుతున్నాను. మ్యాపు మీద మున్నేరు చూపించేటప్పుడు కాస్త ఎక్కువసేపే చూపిస్తాను. ఫలితాలొచ్చినప్పుడు తప్పిన పిల్లల్ని తల్లిదండ్రులు రెక్క పట్టుకుని లాక్కొస్తారు, ఇక దీన్నేం చెయ్యాలో చెప్పండి టీచర్ అంటారు. ముందు తేరుకోనివ్వండి అంటాను. ఆ మాట నాది కాదు.

గురువారం సాయంత్రం అంతా అయ్యాక ఆ ఇంట్లోనే వసారాలో పడుకున్నాను. పొయ్యి వెలిగించకూడని ఇల్లు కదా, తెల్లారి పక్కింటివాళ్ళు ఫ్లాస్కులో కాఫీ పంపారు. బావ గ్లాసులో పోసి తెచ్చి నా ముందు నిలబడ్డాడు, కానీ ఇవ్వలేదు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"కలేమొచ్చిందే?" అన్నాడు.

వచ్చింది. చెప్పాను. మున్నేట్లో అత్తయ్య చెలమ పక్కన కూర్చుని ఉంది. బిందె ఇసకలో బోర్లించి ఉంది. నేను చెయ్యి పెట్టబోతే, ఆగమంది.

బావ గ్లాసు అలాగే పట్టుకుని, "తేరినయ్యా నీళ్ళు?" అని అడిగాడు.

ఇంకా లేదన్నాను. అత్తయ్య మాత్రం కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చెలమలోకి చూస్తూ కూర్చునే ఉంది.