బట్టమేకకు వదిలిన నేల

బట్టమేక పిట్టను చూడాలని ఆదోని నుంచి ఎమ్మిగనూరు వైపు ఒంటరిగా బయలుదేరాను. పదిహేను కిలోలు తూగుతూ కూడా ఎగిరే పిట్ట అది. నేనేమో బస్సు మెట్లెక్కడానికే ఆయాసపడే బట్టతలవాణ్ణి. మూడు రోజులు తిరిగినా ఈకైనా కనబడలేదు.

ఒకచోట పత్తి కోసం దున్నుతున్న చేను మధ్య మంచమంత గడ్డినేల మిగిలి ఉంది. గట్టు మీద ఆ చేను ఆసామి, మాబు అనే తాత కూర్చుని ఉన్నాడు. నేనెందుకొచ్చానో విని చెప్పాడు.

"ఆడ బట్టమేక గుడ్డు పెడతాండె. ఏడాదికి ఒగటే. పదేండ్లాయ, రాల్యా. ఈసారి అదీ దున్నేస్తానంటాడు నా కొడుకు. నువ్వు పిట్టను సూసినానని వానికొక మాట సెప్పప్పా."

ట్రాక్టరు దగ్గరికొచ్చింది. చిన్నాచితకా అబద్ధాలు చాలా ఆడాను గానీ, ఇంత బరువైనది ఎప్పుడూ ఎగరెయ్యలేదు.

"పొద్దున ఇక్కడే చూశానన్నా."

కొడుకు నవ్వి, గొంతు తగ్గించాడు. "పోయినేడు వచ్చిన సారు గూడా ఇదే సెప్పినాడు లే." స్టీరింగు తిప్పి, గడ్డి చుట్టూ దున్నుకుంటూ పోయాడు.

ట్రాక్టరు దూరమయ్యాక తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"యాడ కూసోనుండె అప్పా అది?"